పడమటి తలుపు

ఆ పొద్దు ఆకాశానికి రంగు లేదు. మబ్బు తునక లేదు, గద్ద లేదు. తూర్పేదో పడమరేదో తెలియకుండా నలుదిక్కులా ఒకటే తెలుపు, సున్నం కలిపిన నీళ్లలాగా. రోహిణి కార్తె నడుస్తున్నది. వాకిట్లో మంచం మీద నేనింకా కళ్లు నులుముకుంటుండగానే మా ఇంటి తలుపు పగిలింది.

చిన్న చప్పుడేమీ కాదు. ఎండిన కందికట్టెను మోకాలికి ఆనించి విరిచినట్టు ఠప్పుమన్నది. పొద్దు కుంకేదాకా పడమటి ఎండకు కాగిన చెక్క తెల్లవారుజామున ఇంత చల్లగాలి తగిలేసరికి బిగుసుకుంటుంది. అప్పుడు పగులుతుంది. మా నాయిన రాయమల్లు కొట్టంలోంచి పేడచేతులతోనే ఉరికివచ్చాడు. కుడి రెక్క మీద పైనుంచి జానెడు పొడవు సన్నటి గీత. దాంట్లో గోరు పెట్టి చూశాడు.

"గోరు దిగుతాంది" అన్నాడు. అక్కడే గడప పక్కన కూచుండిపోయాడు.

మా ఊరు హసన్‌పర్తికి అవతల. మా వాడలో అన్నీ తడకలే. కుక్క నెత్తితో తోస్తే తెరుచుకునేవి. నాయిన ఏటూరునాగారం అడవిలో గుత్తేదారు దగ్గర రెండేళ్లు బండి తోలి, కట్టెకు కట్టె కూడబెట్టి, టేకు తెచ్చాడు. వడ్లాయన చలికాలమంతా మా వాకిట్లో కూచుండి రెండు రెక్కలు చేశాడు. నడుమ పట్టీ మీద తామర రేకులు వరసగా చెక్కాడు. ఊళ్లో దొరల గడికి తప్ప అట్లాంటి తలుపు లేదు. అయితే బాట పడమర దిక్కున ఉంది కాబట్టి మా ఇల్లూ పడమరకే చూస్తుంది. పొద్దు నడినెత్తి దాటిన దగ్గర్నుంచి కుంకేదాకా ఎండ అంతా ఆ తలుపు మీదే నిలబడేది.

పగులు పడిన నాటి నుంచి నాయినకు వేరే పని లేదు. తాటాకు పందిరి వేశాడు, ఆ సాయంత్రం గాలిదుమారానికి అది ఎల్లిపోయి చెరువుకట్ట మీద పడింది. ఆముదం రాశాడు, దుమ్మంతా దానికే అంటుకుంది. నాయిన అక్క కట్టమ్మత్త పక్కింట్లోనే ఉండేది. మొగుడు పోయిన మనిషి, నోరు పెద్దది. తన గడప మీద నిలబడి చూసి నవ్వింది.

"ఏం తమ్మీ, పెండ్లిపిల్లకు నలుగు పెట్టినట్టు పెడతానవ్? సాయంత్రం ఊరేగిస్తవా ఏంది?"

"నీకేం ఎరుక అక్కా. నీకు తడకనాయె."

"తడక పగులదు కదరా!"

వడ్లాయన ఒక ఉపాయం చెప్పాడు. మొదటి ఎండాకాలం గడిచేదాకా మధ్యాహ్నాలు తడి గోనెసంచులు వేలాడదీయమన్నాడు. ఆ పని మా అవ్వ భద్రమ్మ మీద పడింది. కన్నతల్లిని మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. రోజూ అన్నాలైనాక సంచులు తడిపి తలుపుకు కట్టేది, ఎండిపోతే మళ్లీ తడిపేది, పొద్దు కుంకినాక విప్పి పిండేది.

"ఈ ఎండకాలం నా ఒంటి మీద కూడా ఇన్ని నీళ్లు పోసుకోలే" అనేది కొంగుతో మొఖం తుడుచుకుంటూ. "వచ్చే జన్మల నీ ఇంట్ల తలుపైనా పుట్టాలె."

సంచులకు కూడా పగులు ఆగలేదు. జానెడు గీత మూరెడయి నడుమ పట్టీ దాకా దిగింది. అప్పుడు నాయినకు అడవిలో చూసిన సంగతి యాదికొచ్చింది. అక్కడి బండ్లోళ్లు నల్లజీడి గింజల నూనె తీసి నొగలకు పూసేవాళ్లు. ఆ కర్రను ఎండ పగలగొట్టదు, చెద ముట్టదు. నాయిన పొద్దున్నే బయలుదేరి పోయి మూడోనాటికి సంచెడు జీడి గింజలతో వచ్చాడు. చెలకలో గుంట తీసి, కుండ మీద కుండ బోర్లించి, చుట్టూ పిడకలు పేర్చి నూనె దించాడు. తారులాగా నల్లగా, చిక్కగా ఉంది. దాన్ని ఆముదంలో కలిపి, గుడ్డపేలికతో ఒంటి చేత్తో రెండు రెక్కలకూ పట్టించాడు. పగులులోకి వేలితో దిగగొట్టాడు.

తలుపు నల్లటి ఎద్దు వీపులాగా మెరిసింది. పొయ్యేవాళ్లంతా ఆగి చూశారు. నాయిన ఆ సాయంత్రం పాట పాడుతూ ఎడ్లకు నీళ్లు పెట్టాడు. నేను ఎప్పటిలాగే పనయ్యాక ఆ తలుపుకు వీపు ఆనించి కూచుని బీడీ కాల్చాను. అవ్వ ఎప్పటిలాగే సంచులు కట్టింది, విప్పింది, పిండింది.

నా పెండ్లాం సమ్మమ్మ కాపురానికి వచ్చి అప్పటికి రెండు నెలలు కాలేదు. వాళ్లది స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు పల్లె. మాట తక్కువ, చూపు ఎక్కువ. నాయిన నూనె పూసిన నాడు ఆమె దూరం ఉన్నది. ముట్టయిన ఆడమనిషి మా ఇండ్లల్లో గడప తాకదు. కొట్టం పక్కన చాప వేసుకొని పండేది, దొడ్డి కంపలోంచి వచ్చిపోయేది. అవ్వ గిన్నెలో అన్నం దూరంగా పెట్టి జరిగేది.

రెండు రాత్రులు గడిచాక అవ్వ నిద్రలేచి చేతులు గీరుకోవడం మొదలుపెట్టింది. చీమలు కుట్టినయేమో అన్నది. మధ్యాహ్నానికి ముంజేతులు ఎర్రబడి ఉబ్బాయి. తెల్లారి చూస్తే మొఖం మొఖంలాగా లేదు. రెప్పలు రెండూ బూరెల్లాగా పొంగి మూసుకుపోయాయి. పెదవులు, చెంపలు, మెడ నిండా నీటి పొక్కులు. నేను మంచం దగ్గరికి పోయి "అవ్వా" అన్నాను. "ఎవరు, మొగిలా?" అన్నది. గొంతు ఆమెదే. మనిషిని మాత్రం నేను గుర్తుపట్టలేదు.

కట్టమ్మత్త వచ్చి చూసింది. చూసి వెంటనే రెండు చేతులూ జోడించింది.

"తల్లి పోసింది" అన్నది మెల్లగా.

పెద్దమ్మవారు ఇక దేశంలోనే లేదని దవాఖానోళ్లు ఇంటింటికీ చెప్పిపోయిన కాలం అది. కానీ కళ్ల ముందరున్న మొఖాన్ని నమ్మాలా, వాళ్ల మాటను నమ్మాలా? ఇంట్లో తాలింపు ఆగిపోయింది. తల దువ్వడం ఆగిపోయింది. సుట్టాలను రావద్దన్నారు. మందు అన్న మాట నోట రాకూడదు, తల్లికి కోపం వస్తుంది. కట్టమ్మత్త పసుపునీళ్లు చల్లి, వేపమండలు తెచ్చి, తలుపు కొండికీ రెక్కలకూ నిండుగా కట్టింది. వాడినవి తీసి రోజూ కొత్తవి కట్టేది.

నాయిన మా అవ్వ మంచం ముందర మోకాళ్ల మీద కూచున్నాడు. ఎప్పుడూ "ఏమే" అని పిలిచే మనిషి చేతులు జోడించాడు.

"తల్లీ, సల్లగ సూడు. తప్పులుంటె మన్నించు తల్లీ."

రెప్పలు తెరవకుండానే అవ్వ అన్నది: "నాకు దండం పెడతానవా? జర నీళ్లు పొయ్యి, గొంతెండుతాంది."

"తల్లి మాట్లాడుతాంది" అన్నది కట్టమ్మత్త. నాయిన మళ్లీ మొక్కాడు. నీళ్లు నేను పోశాను.

మర్నాటికి నా వీపు మీద వచ్చింది. ఆ మరునాడు కట్టమ్మత్త వేళ్లు పొంగి దొండకాయల్లాగా అయ్యాయి, ముడుచుకోవు. ఆమె భయపడలేదు. తల్లి తన మీద కూడా కూచున్నదని మొఖంలో ఒక తీరు వెలుగు వచ్చింది. నాయినకేమీ కాలేదు. ఇంటి పెద్దను తల్లి వదిలిపెట్టిందన్నారు.

సమ్మమ్మకూ ఏమీ కాలేదు. ఆమె తలస్నానం చేసి బట్టలు మార్చుకున్నా కట్టమ్మత్త లోపలికి రానియ్యలేదు. తల్లి ఇంట్లో ఉన్నన్ని నాళ్లు దొడ్డిదారే అన్నది. ఆ పిల్ల ఆ కంపలోంచే వచ్చి, పెరట్లో పొయ్యి ముట్టించి అంబలి కాచేది, కిటికీలోంచి అందించేది.

అవ్వ ఎడమ కంటిలోంచి చీము కారడం మొదలైన రోజు కట్టమ్మత్త నాయినను పిలిచి కూచోబెట్టింది. నేను గోడ పక్కనే ఉన్నాను.

"ఇంటిల్లిపాది మీద తల్లి ఉన్నది. ఆ పిల్ల ఒంటి మీద గింజంత లేదు. ఎందుకు లేదు చెప్పు? తల్లికి ఆ పిల్ల గిట్టలే. ముట్టుతోని గడప తొక్కి ఉంటది. కొత్త తలుపు, కొత్త గడప. తల్లికి కోపం రాదా?"

"తొక్కిందో లేదో..." అన్నాడు నాయిన.

"తొక్కకుంటె భద్రి గిట్లెందుకయితది? ఆయితారం బోనం తీద్దాం. తెల్లారి ఆ పిల్లను ఘన్‌పూర్ పంపు. మళ్ల తెచ్చుకునేది లేదు. తల్లి సెలవు ఇయ్యదు."

నాయిన తల వంచి "నీ ఇష్టమే అక్కా" అన్నాడు.

"పంపితె నేను గూడ పోత" అన్నాను. ఆ ఇంట్లో నేను ఎదురు మాట్లాడడం అదే మొదలు.

నాయిన తల ఎత్తి నా దిక్కు చూశాడు. ఆయన కళ్లలో కోపం లేదు. "మీ అవ్వ కండ్లు తెరువనీ బిడ్డా. అప్పుడు నన్ను ఎంతన్న తిట్టు" అన్నాడు.

నేను దొడ్డిలోకి పోయాను. సమ్మమ్మ జొన్నలు చెరుగుతున్నది. చేట ఆపలేదు.

"ఇన్న" అన్నది. "గోడకు చెవులు లేవు గని కిటికీ ఉన్నది."

నేను పక్కన కూచున్నాను. ఆమె చేట కింద పెట్టింది.

"అంగీ తియ్యి. వీపు చూపియ్యి."

తీశాను. వేలు తగలకుండా దగ్గరికి వచ్చి చూసింది.

"రెండు భుజాల రెక్కల మీద, నడుమ మీద. వీపు నడిమి గుంతల మాత్రం లేదు. దేనికి ఆనుకున్నవ్?"

"దేనికి ఆనుకుంట? తలుపుకు. బీడి తాగేటప్పుడు."

"అత్తకు యాడ మొదలైంది?"

"చేతులకు. సంచులు పిండి మొఖం తుడుసుకుంటది గద."

"పెద్దత్తకు?"

"ఏళ్లకు."

"యాపమండలు దేనికి కడతాంది?"

"తలుపుకే" అన్నాను.

సమ్మమ్మ రైక మెడ కొంచెం పక్కకు జరిపింది. మెడ వెనక రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ ఉంది. "మా ఊర్ల చాకలామె బట్టలకు జీడితోని గుర్తు పెడ్తది. చిన్నప్పుడు కొత్త గుర్తు రైక ఏసుకున్న. గీ గుర్తు కాడ గిట్లనే పొక్కింది. మా అవ్వ కొబ్బరినూనె పెట్టి, చాకలామెను నాలుగు తిట్టింది. తల్లికి మాత్రం మొక్కలే."

మా ఊళ్లో గుర్తులు దారంతో కుడతారు. మాకు ఆ సంగతి తెలియదు.

ఆ మధ్యాహ్నమే నేను నాయినకు చెప్పాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోవడం కూడా కాదు, నవ్వాడు, ఏడ్చినట్టుగా నవ్వాడు.

"రెండేండ్లు అడివిల ఆ నూనెల చేతులు ముంచి తీసిన్రా. గిప్పుడు కూడ నేనే పూసిన. నాకేమయింది? చూడు." అరచేతులు చాపాడు. నల్లటి మరకలు తప్ప ఏమీ లేవు.

కట్టమ్మత్త గుండెలు బాదుకున్నది. "తల్లి ఇంట్ల ఉండంగ తల్లిని కాదంటరా? గీ మాట ఎవరు చెప్పిన్రో నాకెరుకే. పోయేది పోక ఇంటిని ముంచిపోతాంది!"

అప్పుడు సమ్మమ్మ ఇంటి పక్క సందులోంచి ముందటి వాకిట్లోకి నడిచి వచ్చింది. అన్నాళ్లలో ఆమె అటు రావడం అదే మొదలు. నెత్తి మీద ఎండ. కాళ్లకు చెప్పులు లేవు, అయినా నెమ్మదిగానే వచ్చింది. అవ్వ చివరిసారి కట్టి విప్పని గోనెసంచిని కర్రతో పక్కకు తోసింది. వేపాకుల కింద తలుపు నూనె కక్కుతున్నది, నల్లటి చుక్కలు తామర రేకుల అంచున నిలిచి ఉన్నాయి. సమ్మమ్మ ఎడమ చేతి గాజులు మోచేతి దాకా ఎగదోసి, ముంజేతి లోపలి దిక్కు, తెల్లటి మెత్తటి దిక్కు, ఆ పట్టీకి ఆనించి అదిమింది.

"ఏయ్!" అని నేను ఉరికాను.

"రాకు" అన్నది.

కట్టమ్మత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాయిన లేచి నిలబడ్డాడు. సమ్మమ్మ అట్లాగే అదిమి ఉంచింది. చెమట గదవ మీదుగా కారింది. తరువాత చెయ్యి తీసి, మాకు చూపించకుండా కిందికి వేలాడేసింది.

"మామా" అన్నది. మామతో ఆమె నేరుగా మాట్లాడడం కూడా అప్పుడే విన్నాను. "నేను గడప తొక్కలే. రెండు దినాలు చూడుండ్రి. తల్లయితె ఒళ్లంత పోస్తది. గీ చేతి మీదనే పోస్తె తల్లి కాదు. అప్పుడు అత్తను దవాఖానకు తీస్కపోండ్రి."

తిరిగి పోతూ మళ్లీ అన్నది: "ఎడమ చెయ్యే పెట్టిన. అన్నం తినే చెయ్యి కాదు."

రెండు దినాలు ఆగవలసిన పని పడలేదు. మరునాడు పొద్దున నేను దొడ్డిలోకి పోయేసరికి ఆమె చెయ్యిని ఒళ్లో పెట్టుకొని కూచుని ఉంది. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. నాయిన నా వెనకాలే వచ్చాడు. ఆమె చెయ్యి తిప్పి చూపించింది.

మణికట్టు నుంచి మోచేతి దాకా పొక్కులు. పొక్కులు కూడా ఎట్లా పడితే అట్లా లేవు. తామర రేకులు. ఒకదాని పక్కన ఒకటి, వడ్లాయన చెక్కిన వరస ప్రకారం, ఉబ్బిన చోట ఉబ్బి, చెక్క గుంటబడిన చోట శుభ్రంగా ఉన్న చర్మం. పగులు ఉన్న దగ్గర సన్నటి తెల్లటి గీత. తలుపును అచ్చు తీసి చేతి మీద వేసినట్టు ఉంది. మెడ మీద లేదు, మొఖం మీద లేదు, రెండో చేతి మీద లేదు.

నేను పక్కకు జరిగి నాయినకు చోటిచ్చాను.

నాయిన వంగి చాలాసేపు చూశాడు. తరువాత తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. వాటి మీద ఏమీ లేదు.

"మొగిలీ, బండి కట్టు" అన్నాడు.

కట్టమ్మత్త అడ్డం వచ్చింది. "బోనం కాకుంట కదిలిస్తావురా?" అన్నది. నాయిన పాత బొంతలో అవ్వను చుట్టి, చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, తలుపుకు ఎక్కడా తాకకుండా పక్కకు తిరిగి బయటికి తెచ్చాడు. సమ్మమ్మ బండిలో అవ్వ తలను ఒళ్లో పెట్టుకుంది. వరంగల్ పెద్ద దవాఖానకు పోయేదాకా నాయిన ఎడ్లను ఒక్క మాట కూడా అదిలించలేదు.

అక్కడి డాక్టరు అవ్వ రెప్పలు విడదీసి చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇన్ని దినాలు ఏం చేసిన్రు?" అన్నాడు.

"దండం పెట్టినం" అన్నాడు నాయిన.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది. జీడి కొందరిని ముట్టదు, కొందరిని ఇట్లా కాలుస్తుంది, కుడి కన్ను దక్కుతుంది, ఎడమది ఇక చూడదు అని చెప్పి, చేతులు కడుక్కోవడానికి పోయాడు. నాయిన అక్కడే వరండాలో గోడకు ఆనుకొని జారి కూచున్నాడు.

అవ్వ దవాఖానలో ఉండగానే నాయిన ఒక్కడే ఊరికి వచ్చి తలుపు దించాడు. నన్ను వెంట రానియ్యలేదు. కిరసనాయిలు పోసి కాలబెడతానంటే సమ్మమ్మ కబురు పంపింది, "కాలవెట్టొద్దను, ఆ పొగ తగిలినా పొక్కుతది" అని. అందుకని రెండు రెక్కలనూ, గోనెసంచులనూ, ఎండిన వేపమండలనూ బండిలో వేసుకొని చెలకకు పోయి, మనిషి లోతు గుంట తీసి పూడ్చాడు. గుంట మీద రాళ్లు పేర్చాడు. చూసినవాళ్లు ఎవరైనా చచ్చారా అని అడిగారట. ఆయన ఇంకో రాయి పేర్చాడట.

అవ్వను ఇంటికి తెచ్చిన రోజు మధ్యాహ్నం నాయినే పొయ్యి ముట్టించాడు. జొన్న గట్క వండి, మజ్జిగ కలిపి పలచగా చేశాడు. ఉల్లిగడ్డలు చితకగొట్టాడు. మా ఇంట్లో మొగవాళ్లు తిన్నాక ఆడవాళ్లు, అందరూ తిన్నాక కోడలు. నాయిన అయిదు గిన్నెలు ఒకే వరసన పెట్టాడు. పోయి కట్టమ్మత్తను పిలుచుకొచ్చాడు. ఆమె రానన్నట్టు లేదు, వచ్చినట్టూ లేదు, తలవంచుకొని వచ్చి గోడ మూలకు కూచుంది. సమ్మమ్మ గంటె అందుకోబోయింది.

"కూసో బిడ్డా" అన్నాడు నాయిన. గంటె ఆయన చేతిలోనే ఉంది.

ఆమె నా దిక్కు చూసింది. నేను పక్కకు జరిగాను. కట్టు కట్టిన చెయ్యిని ఒళ్లో పెట్టుకొని కూచుంది. నాయిన మొదట ఆమె గిన్నెలో పోశాడు, తరువాత అవ్వకు, అక్కకు, నాకు. అందరికన్నా చివర తన గిన్నెలో.

తలుపు లేని వాకిట్లోంచి పడమటి ఎండ ఇంట్లోకి వచ్చి మా గిన్నెల మీద పడింది. ఎవరూ జరగలేదు. కట్టమ్మత్త వేళ్లు ముడుచుకోక రెండు మణికట్ల నడుమ గిన్నె పట్టుకొని తాగింది, కొంత ఎద మీద ఒలికింది. అవ్వ కుడి రెప్ప ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, ఆమె చెయ్యి చాపింది. చెయ్యి గిన్నె పక్కన నేలను తడిమింది, మళ్లీ తడిమింది. నాయిన గిన్నెను ఆ చేతి కిందికి జరిపాడు.

గిన్నెలు ఖాళీ అయ్యేదాకా అట్లాగే తిన్నాం.